స్టీరింగునకు సందు: ఉండవలసినది, ఉండరానిది
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన యీ శుభసమయమున నన్నును కొంత ప్రసంగింపుమని కార్యవర్గమువారు కోరిరి. నేను ఏ భారతఘట్టమునో వ్యాఖ్యానింతునని వారు తలచియుందురు. మా పెద్దలు కరణములు. 1984లో ఆ యుద్యోగములు రద్దయిన పిమ్మట వారి లెక్కల విద్య మాత్రము నాకు సంక్రమించినది. పగలు ఊరివారి ఖాతాలు వ్రాయుటయు, రాత్రి తిక్కనను చదువుటయు నా దినచర్య. అయినను నేటి నా విషయము వేఱు. ఇంటియొద్ద స్వయముగా కట్టుకొన్న మోటారు కారులో స్టీరింగు కడ్డీలు దేనికిని తగులకుండ తిరుగుట యెట్లు? ఇదియే నా ప్రసంగ విషయము.

పెద్దలు నవ్వకుందురుగాక. ఈ సభలో వెనుక వరుసలయందు కూర్చున్న యువకులలో పలువురు వెల్డింగు షెడ్లలోను, మోటారు మరమ్మతు షెడ్లలోను పనిచేయువారు. వారు మన గ్రంథాలయమునకు వార్తాపత్రిక చదువుటకు వత్తురు, చదివి పోవుదురు. వారి చేతిపనికి అక్కఱకు వచ్చు మాట ఇచ్చట నొక్కటియైన పలుకవలెనని నా కోరిక.

సందు అననేమో మన ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. అనకాపల్లి బెల్లము పేరు దేశమంతటను వినబడుటకు మూలము చెఱకు గానుగ. మూడు రోలర్ల గానుగలో చెఱకు లోనికి పోవువైపున సందు పెద్దది, పిప్పి వెలువడువైపున సందు చిన్నది. ఈ రెండవ సందు హెచ్చినచో రసము పిప్పిలోనే మిగిలిపోవును. తగ్గినచో గానుగ పట్టివేయును. బండి చక్రపు నడిమి రంధ్రమునకును ఇరుసునకును నడుమ కందెన నిలుచునంత సందు కావలెను. అంతకు మించినచో చక్రము ఊగులాడును. కనుక సందు తనంతట మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. ఉండవలసిన చోట ఉండవలెను, ఉండరాని చోట ఉండరాదు. నేటి నా ప్రసంగమంతయు ఈ యొక్క మాటకు వ్యాఖ్యానమే.

రెండు చక్రముల యెడ్లబండికి స్టీరింగు లేదు. ఎడ్లు కాడిని త్రిప్పిన వైపునకు నొగయు, నొగతోపాటు బండియు తిరుగును. నాలుగు చక్రములు వచ్చినంతనే చిక్కు వచ్చినది. పూర్వము ఐరోపాలో నాలుగు చక్రముల గుఱ్ఱపుబండ్లకు ముందరి యిరుసంతయు నొక మేకు మీద తిరుగుచుండెడిది. ఇరుసు తిరిగినప్పుడెల్ల ఒక చక్రము బండి క్రిందికి దూరవలెను. అందుకు చోటు చాలక ముందరి చక్రములను చిన్నవిగా చేసిరి, బండి పెట్టెను ఎత్తు చేసిరి. జర్మనీలోని మ్యూనిక్ నగరమున లంకెన్‌స్పెర్గర్ అను బండ్ల శిల్పి దీనికి మేలైన యుపాయము కనుగొనెను. ఇరుసు కదలదు. ప్రతి చక్రమును తన కొననున్న మేకు మీద తానే తిరుగును. ఆయన పక్షమున ఆకర్మన్ అను నాతడు 1818లో లండనులో దానికి పేటెంటు పొందుటచే ఆ పద్ధతికి ఆకర్మన్ పేరే నిలిచినది. మలుపులో లోపలి చక్రము చిన్న వలయముమీదను, వెలుపలి చక్రము పెద్ద వలయముమీదను పోవును గనుక లోపలి చక్రము కొంత హెచ్చుగా తిరుగవలెనను సూత్రము అందు ఇమిడియున్నది. నేటి కార్ల క్రింద నున్నది ఆ వంశమునకు చెందిన యేర్పాటే. స్టీరింగు చరిత్ర మొదటినుండియు చోటుకొఱకు జరిగిన పెనుగులాటయే యని దీనివలన తెలియును.

ఇంటియొద్ద కారు కట్టుకొనుట పిచ్చిపని యని కొందఱందురు. ఇంగ్లండులో 1957నుండి లోటస్ సెవెన్ అను చిన్న కారును విడిభాగములుగా కూడ అమ్మిరి. కొన్నవారు ఇంటియొద్ద బిగించుకొనెడివారు. అట్లు కొన్నచో ఆ కాలమున అచ్చటి కొనుగోలు పన్ను పడెడిది కాదు. మన తెలుగునాటనే హైదరాబాదులో కన్యబోయిన సుధాకర్‌గారు తుక్కు సామానుతో వంకాయ, క్రికెట్టు బంతి, కలము మున్నగు ఆకారములలో నడిచెడి కార్లను స్వయముగా నిర్మించిరి. 2005 జులై 1వ తేదీన ఆయన నడిపిన మూడు చక్రముల సైకిలు 12.67 మీటర్ల యెత్తు కలది. ప్రపంచములో నన్నిటికంటె పెద్దదిగా అది గిన్నిసు గ్రంథమున కెక్కినది. ఆయన వాహనముల ప్రదర్శనశాల 2010లో వెలసినది. వంకాయ ఆకారమును జూచి పిల్లలు సంతోషింతురు. ఆ వంకాయలో ముందరి చక్రములు తిరుగుటకు చోటు ఎట్లు అమర్చవలెనో ఊహించిన పనివాడు తల పంకించును.

ఇక మన యూరి విషయమునకు వత్తును. మా మేనల్లుడు ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చినవాడు. రెండేండ్ల క్రిందట తుక్కు దుకాణమున నొక పాత చిన్న కారుయొక్క యింజనును, ముందరి చక్రములను, స్టీరింగు సామానును కొని తెచ్చి, ఇనుప గొట్టములతో తానే చట్రము వెల్డింగు చేసి ఇద్దఱు కూర్చుండదగిన కారు నొకదానిని కట్టినాడు. వెల్డింగు చూడముచ్చటగా నుండెను. షెడ్డులో స్టీరింగు ఈ కొననుండి ఆ కొనవఱకు చక్కగా తిరిగినది. మొదటి పరీక్ష వారి పొలము బాటమీద జరిగినది. ఎనిమిదవ తరగతి చదువుచున్న తమ్ముడు ప్రక్కన కూర్చున్నాడు. ఎడమకు మలుపు త్రిప్పుచుండగా ఎడమ చక్రము కాలువగట్టు నెక్కినది. ఆ క్షణమున స్టీరింగు పట్టివేసినది. కుడికి మరలించుటకు వీలు లేకపోయెను. కారు చెఱకు తోటలోనికి దూసికొని పోయి నిలిచినది. నడక వేగమే కనుక ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. గట్టుకు అవ్వలి ప్రక్కన ఏలేటి బావి కలదు. ఇంతకంటె నేను చెప్పనక్కఱలేదు.

నేను వెళ్ళి చూచునప్పటికి వాడు కారు క్రింద పడుకొని కొలతలు తీయుచున్నాడు. "మావయ్యా, షెడ్డులో చూసినప్పుడు పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. ఇప్పుడూ ఉంది. కావాలంటే కొలిచి చూడు" అన్నాడు. "అల్లుడూ, అది చక్రం నేలమీద నిలబడి తిన్నగా ఉన్నప్పటి మాట. గట్టెక్కినప్పుడు ఎంతుంది?" అని అడిగితిని. వాడు మాటాడలేదు. లెక్కలో సంవత్సరాంతపు నిలువ చూచి సంతోషించువాడు వ్యాపారము చేయలేడు. ఏ దినమున పెట్టె ఖాళీయగునో ఆ దినము చూడవలెను. మరునాడు మేమిరువురము ఖాతా పుస్తకము తీసికొని కూర్చుంటిమి.

ఆ సామాను అమరిక యిట్టిది. చేతి చక్రమును త్రిప్పగా నొక కడ్డీ తిరుగును. దాని చివర నున్న చిన్న పళ్ళచక్రము ర్యాకు అను పళ్ళ కడ్డీని కుడికిని ఎడమకును జరుపును. ర్యాకు కొనలనుండి టై రాడ్డులు బయలుదేరి చక్రముల చేతులను నెట్టును, లాగును. టై రాడ్డు రెండు కొనలయందును బాల్ జాయింటు అను గుండ్రని కీలు కలదు. చక్రము గుంతలో దిగినను గట్టెక్కినను రాడ్డు ఈ కీళ్ళమీద పైకిని క్రిందికిని ఊగును. మా వాని చట్రములో నొక అడ్డగొట్టము సరిగా ఈ రాడ్డునకు పైన పోవుచుండెను. రెంటికిని నడుమ నున్నదే ఆ పండ్రెండు మిల్లీమీటర్లు.

కొలతలు వినుడు. రాడ్డు పొడవు 360 మి.మీ. లోపలి కీలునకు గొట్టము 120 మి.మీ. దూరమున నున్నది. చక్రము నేలమీది స్థితినుండి 60 మి.మీ. పైకి లేవగలదు. చక్రము లేచినంత మేర రాడ్డు బయటి కొన లేచును, లోపలి కొన లేవదు. గొట్టము మూడవవంతు దూరమున నున్నది గనుక అచ్చట రాడ్డు అరువదిలో మూడవవంతు, అనగా 20 మి.మీ. లేచును. ఉన్న సందు 12. చక్రము 36 మి.మీ. లేచునప్పటికే రాడ్డు గొట్టమునకు తగులును. ఇంతవఱకు వాడును గ్రహించినాడు. "గొట్టం పద్దెనిమిది మిల్లీమీటర్లు పైకి జరుపుతాను. ముప్పై అవుతుంది. ఇరవై పోగా పది మిగులుతుంది" అన్నాడు.

లెక్క సరియే. కాని చక్రము లేచుటయు, తిరుగుటయు ఒక్కమారే జరిగినచో? పన్ను కట్టవలసిన గడువును, అప్పు తీర్చవలసిన గడువును ఒకే దినమున వచ్చినప్పుడు గదా రైతు కూలిపోవుట. ఈ కారులో ర్యాకు ఇరుసునకు వెనుక నున్నది. ఎడమకు పూర్తిగా త్రిప్పినప్పుడు ర్యాకు 60 మి.మీ. కుడికి జరుగును. దానితో ఎడమ రాడ్డుయొక్క లోపలి కీలు గొట్టమునకు 120 మి.మీ. కాక 180 మి.మీ. దూరమగును. అనగా గొట్టము ఇప్పుడు రాడ్డునకు సరిగా నడుమ పడినది. చక్రము 60 లేచినచో అచ్చట రాడ్డు 30 మి.మీ. లేచును. వాడు తలచిన ముప్పది సందు అంతయు ఖర్చయి నిలువ సున్న. కాలువగట్టు దగ్గఱ జరిగినది సరిగా ఈ కూడికయే: మలుపును గట్టును కలిసి వచ్చినవి.

కనుక కావలసిన సందు ముప్పదియు, దానిపై భద్రతకు పదియు, మొత్తము 40 మి.మీ. ఉన్నది 12. లోటు 28. భద్రతకు పది యెందుకందురా? రబ్బరు దిండ్లు నలుగును, చట్రము బరువునకు వంగును, వానకాలమున మన రేగడి బురద గొట్టమునకు అంటి గట్టిపడును. కాగితముమీద సరిపోయిన లెక్క బాటమీద సరిపోవలెనన్న కొంత మిగులు ఉంచవలసినదే.

ఇచ్చట భారతము జ్ఞప్తికి వచ్చుచున్నది. కర్ణుడు నాగాస్త్రమును గుఱి తప్పక విడిచినప్పుడు సారథియైన శ్రీకృష్ణుడు రథమును కొంచెము నేలలోనికి అణచెను. బాణము కిరీటమును కొట్టివైచినది, అర్జునుని శిరస్సు దక్కినది. ఆ కొలదిపాటి అంతరమే యుద్ధమును నిలిపినది. అంగుళములతో పనియేమని తలచువాడు సారథ్యమునకు తగడు.

లోటు తెలిసినది, తీర్చు మార్గమేది? సులభోపాయములు చెప్పువారు మన యూర కొదువలేదు. ఒకరు రాడ్డును కాల్చి కొంచెము వంచుమనిరి. తిన్నని కడ్డీ నెట్టుడును తిన్నగా ఓర్చును. వంచిన కడ్డీ నెట్టినప్పుడెల్ల విల్లువలె మఱింత వంగజూచును. పైగా కాల్చినచో ఉక్కునకు కార్ఖానాలో పెట్టిన పదును చెడును. ఇంకొకరు తగులుచోట రాడ్డును గ్రైండరుతో పలుచన చేయుమనిరి. విఱుగుటకు అదియే చోటగును. మూడవవారి సలహా తెలివైనదివలె తోచును: ర్యాకు క్రింది బోల్టులను సవరించి ర్యాకునే కొంత క్రిందికి దింపుమనిరి. చక్రమును మోయు క్రింది చేయియు, టై రాడ్డును ఒకదానికొకటి జతగా పైకి క్రిందికి ఊగవలెను. కారు తయారుచేసినవారు వాని కీళ్ళను అందుకు తగినట్లు అమర్చిరి. ర్యాకును మాత్రమే దింపినచో రెండును వేర్వేఱు వలయములలో ఊగును. అప్పుడు చేయి కదల్పకున్నను గుంత వచ్చినప్పుడెల్ల చక్రము తనంతట తాను ప్రక్కకు తిరుగును. తగులుట తప్పినను, తప్పుదారి పట్టుట వచ్చును.

మేము నిర్ణయించుకొన్న నియమ మిది: స్టీరింగు భాగమును కోయరాదు, కాల్చరాదు, వంచరాదు. దాని దారికి అడ్డు వచ్చినదే తొలగవలెను. మా వాడు ఆ అడ్డగొట్టమును కోసి, 28 మి.మీ. పైకి వచ్చునట్లు వంతెనవలె క్రొత్త గొట్టము నమర్చి, మూలలయందు త్రికోణపు రేకులు వేసి బలపఱచినాడు. అందమైన వెల్డింగును కోయుటకు వానికి మనసొప్పలేదు. రెండు దినములు ముభావముగా నుండి మూడవదినమున రంపము పట్టుకొన్నాడు.

తరువాత పరీక్ష. కారును జాకీమీద వదలక గట్టి స్టాండ్లమీద నిలిపి, ముందరి స్ప్రింగులను విప్పి, చక్రమును జాకీతో పది పది మిల్లీమీటర్లు లేపుచు, ప్రతి మెట్టునను స్టీరింగును కుడికొన, నడుమ, ఎడమకొన వఱకు త్రిప్పి, సందును ఖాతాలో గళ్ళు గీసి వ్రాసితిమి. చేయి దూరని చోట మైదాపిండి ముద్ద పెట్టి, చక్రమును అన్ని విధముల కదల్చి, నలిగి మిగిలిన ముద్ద దళసరిని కొలిచితిమి. అన్నిటికంటె పలుచని ముద్ద తొమ్మిది మిల్లీమీటర్లు తేలినది.

ఆ పరీక్షలోనే ఇంక రెండు దోషములు బయటపడినవి. మొదటిది, చేతి చక్రమునుండి దిగు కడ్డీ సైలెన్సరు గొట్టమునకు మిక్కిలి దగ్గఱగా పోవుచుండెను. ఇంజను రబ్బరు దిండ్లమీద ఊగును గనుక ఆగియున్నప్పటి కొలత చాలదు. కడ్డీని ప్రక్కకు మలచుటకు వాడు ఒక్క యూనివర్సల్ జాయింటు వేసియుండెను. ముప్పది డిగ్రీల కోణమున ఒక్క జాయింటే ఉన్నచో తిప్పుడు సమముగా పోదు. ఒక చుట్టులో రెండుమార్లు నూటికి పదునైదు వంతుల వఱకు వేగము హెచ్చి, రెండుమార్లు ఇంచుమించు అంతయే తగ్గును. చేతికి ఒకచోట బరువు, ఒకచోట తేలిక తోచును. కోణములు సమానముగా నుండునట్లు రెండు జాయింట్లు వేసి, నడిమి కడ్డీ రెండు చివరల నున్న కవ్వలు ఒకే వరుసలో నుండునట్లు చూచినచో ఒకదాని దోషమును రెండవది తీర్చును. మా వాడు అట్లే చేసినాడు. రెండవది, పూర్తిగా త్రిప్పినప్పుడు టైరు వచ్చి బ్రేకు గొట్టమును రాచుకొనుచుండెను. తిరుగుడును ఆపవలసినది అందుకై యున్న ఇనుప ఆపుగాని టైరు కాదు, గొట్టము కాదు. ఆపును సవరించి ఇరుప్రక్కలను సరిచేసితిమి.

ఇంతవఱకు చెప్పినది ఉండవలసిన సందు. ఇక ఉండరాని సందు బాల్ జాయింటు లోపలిది. తుక్కు దుకాణమున కొన్న జాయింట్లు అరిగియుండెను. ఒకరు చక్రమును పట్టి ఊపగా, మఱొకరు జాయింటుమీద చేయి వేసి చూచినచో లోపల కడకడలాడుట తెలియును. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 98వ నియమము స్టీరింగును గూర్చినది. చేతి చక్రమున 30 డిగ్రీలకు మించి వృథాగా తిరుగు సడలు ఉండరాదనియు, బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలు ఉండవలెననియు, బోల్టులు ఊడకుండ బంధింపబడియుండవలెననియు అందు కలదు. ఇతర ఖర్చులకు వెనుదీసినను జాయింట్లు మాత్రము క్రొత్తవే వేయింపుమని వాని తండ్రికి చెప్పితిని, ఆయన అంగీకరించెను. దశరథుని రథమున శీల ఊడగా కైకేయి తన వ్రేలిని పెట్టి ఆదుకొన్నదని మన కథకులు చెప్పుదురు. మన యువకులు కైకేయి వ్రేలిని నమ్ముకొనక స్ప్లిట్ పిన్నును నమ్ముకొందురుగాక.

మఱియొక మాట. స్వయముగా కట్టిన కారు ఎంత చక్కగా నడచినను, అధికారుల పరీక్షయు రిజిస్ట్రేషనును లేక ప్రజలు తిరుగు రోడ్డుమీద నడుపుటకు 1988 నాటి చట్టము అంగీకరింపదు. మా వాని కారు నేటికిని వారి పొలము బాటలు దాటలేదు. తల్లిని ఎక్కించుకొని నూకాంబిక అమ్మవారి జాతరకు పోవలెనని వాని ముచ్చట. ఆ ముచ్చట బస్సులోనే తీరినది. ఇందులో చిన్నతనము లేదు. కొలిచి, కట్టి, కోసి, మరల కట్టుటవలన వానికి అబ్బిన విద్య ఏ రోడ్డునైనను పోగలదు.

కార్యవర్గమువారికి నాదొక మనవి. ఈ గ్రంథాలయమున కావ్యములున్నవి, పురాణములున్నవి, నవలలున్నవి. పనిముట్లను గూర్చి తెలుగులో వచ్చిన పుస్తకములకు ఒక అర కేటాయింపుడు. దాని ప్రక్కనే తెల్లకాగితముల ఖాతా పుస్తక మొకటి ఉంచుడు. షెడ్డులో పనిచేయు పిల్లలు తాము కనిపెట్టిన కొలతలను, తమకు ఎదురైన దోషములను, వానిని తీర్చిన విధమును అందు వ్రాయుదురు. వ్రాయనివి వ్రాయనివారితోనే పోవును. మన తాతలలో గానుగ సందు పెట్టుటలో సిద్ధహస్తులు ఎందఱో యుండిరి, వారి కొలత ఒక్కటియు నేడు కాగితముమీద లేదు.

ఆ పుస్తకమునకు మొదటి పుటలుగా మేమిరువురము గళ్ళు గీసి వ్రాసిన ఈ స్టీరింగు కొలతల ఖాతాను, వెలుగులోనికి వచ్చిన దోషములతో సహా, అధ్యక్షులవారి చేతికి సమర్పించుచున్నాను. స్వీకరింప ప్రార్థన.